ల్యాంపు రూం బిళ్ళ

కోమల వారానికి రెండుసార్లు, తెల్లవారుతూనే, కరెంటు మోటార్‌సైకిల్ మీద మందమర్రి నుంచి ఉట్నూరు అవతలి అడవి పల్లెలకు నర్సు పని మీద వెళ్లేది. ఆమె గడప దాటగానే తండ్రి హనుమండ్లు ఆమె పేరిట ఒక ఇత్తడి బిళ్ళను గోడ మేకుకు తగిలించి, దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

బొగ్గుబాయి ల్యాంపు రూంలో ముప్పై ఏళ్లు ఆయన చేసిన పని అదే. బాయిలోకి దిగేవాడు తన బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం అప్పగించి బిళ్ళ తీసుకుంటాడు. బిళ్ళ మేకుకు ఉన్నంతసేపు హనుమండ్లు ఇచ్చిన దీపం ఆరదు. ఏ పూట నల్లా వస్తుందో తెలిసినట్టే ఈ సంగతీ కాలనీలో అందరికీ తెలుసు. కోమల బండి బ్యాటరీకీ అదే లెక్క.

ఆ సోమవారం కోమల బండి సంచుల్లో రెండు కొత్త ఫాస్ట్ చార్జర్లు సర్దింది.

“బండితోటి వచ్చిన చార్జర్‌కు పొద్దంత పడుతుండె. గివి రెండు పెడితే గంటన్నరల నిండుతది. ఇగ బిళ్ళెందుకు బాపూ?”

“అయితే నాకు రెండోసారి రిటైర్మెంటు ఇస్తున్నవన్నట్టు,” అన్నాడు హనుమండ్లు.

కోమల నవ్వి బిళ్ళను తన జేబులో వేసుకుంది.

పల్లె చేరేసరికి బండిలో నాలుగు శాతమే మిగిలింది. రెండు చార్జర్లను రెండు వేరువేరు లైన్లకు పెట్టాలి. కానీ కోమల హీటరూ కూలరూ ఒకే బోర్డుకు పెట్టుకునే కంపెనీ క్వార్టర్లో పెరిగిన పిల్ల. నిండు చూలాలు భీంబాయి ఇంట్లో ఉన్న ఒక్క బోర్డుకే రెండూ తగిలించింది. టప్పున చప్పుడై ఊరంతటికీ కరెంటు పోయింది.

అదే సమయానికి భీంబాయికి నొప్పులు మొదలయ్యాయి. కోమల కడుపు తడిమి చూసింది. బిడ్డ అడ్డంగా ఉంది.

“జీపు సంతకు పోయింది సిస్టరమ్మా. ఫోన్‌ల సిగ్నలు లేదు. ఎట్ల?” అంది భీంబాయి అత్త.

“కోడలిని గట్టిగ పట్టుకొని ఎనక కూసో అవ్వా.”

ఉట్నూరు పద్దెనిమిది కిలోమీటర్లు. నాలుగు రెండయింది, రెండు సున్నా అయింది. సున్నా మీదే బండి వాగు దాటింది, గుట్ట ఎక్కింది.

“నడుమల ఆగదు గద సిస్టరమ్మా?”

“ఆగదవ్వా,” అంటూనే కోమల జేబు తడుముకుంది. బిళ్ళ అక్కడే ఉంది.

ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తల్లినీ ఆడబిడ్డనూ దక్కించారు. ఇంకో అరగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కారని డాక్టరమ్మ చెప్పింది.

చార్జర్లను మళ్లీ ఎక్కడా తగిలించకుండానే, పొద్దు వాలేవేళకు కోమల సున్నా మీదే ఇల్లు చేరింది. మేకుకు ఒక బిళ్ళ వేలాడుతోంది. అది హనుమండ్లుది. ఏనాడూ బాయిలోకి దిగనివాడు గనుక ముప్పై ఏళ్లలో ఒక్కసారీ మేకు ఎక్కని బిళ్ళ. దాని కింద కుర్చీలో ఆయన, పక్కన మూత తీయని అన్నం గిన్నె.

“పొద్దటి సంది తినలేదా బాపూ?”

“బిళ్ళ ఉండంగ ల్యాంపోడు లేస్తడా బిడ్డా?”

కోమల ఆ బిళ్ళను మేకు నుంచి తీసి తండ్రి చేతిలో పెట్టింది. తన జేబులోని బిళ్ళనూ తీసి దాని పక్కనే ఉంచింది.

ఆయన పిడికిలి మూశాడు. వాకిట్లో బండి మీది సున్నా ఆరిపోయింది. హనుమండ్లు చేతులు కడుక్కోవడానికి లేచాడు.