ఇంటికో రకం

లువో బూటుకాలు ఆచా బుట్టను తన్నింది. ఏడాకుల మందుగడ్డలు బురదలో దొర్లాయి. పాము కరిచినా, గొడ్డలి వేటు పడినా ఆ కొండల్లోని లీసూ తెగ జనం ప్రాణం నిలిపే గడ్డలవి.

"తలల్లేని గడ్డలు నాకొద్దని చెప్పానా? మొలకతో సహా తవ్వాలి," అన్నాడు కాంట్రాక్టరు లువో.

"తల తుంచి ఆ గుంటలోనే పెడతాం సారూ. అమ్మమ్మల నాటి పద్ధతి. తలుంటేనే మళ్లీ మొక్క."

"ముందు మీకు తలలుంటేగా." అతని మనుషులు నవ్వారు.

ఆచా నవ్వలేదు. మూడేళ్ల కిందట ఈ లువోయే నారు ఇచ్చి ఊరి నోరు కొట్టాడు. ఆ నారంతా ఒక్క తల్లి పిలకలు. ఒకే ఎత్తు, ఒకే ఆకు. సిపాయిల్లా నిలబడ్డాయని మురిసిపోయి, ఊరు మొక్కజొన్న పీకి మరీ నాటింది. ఒక్క వానాకాలం, ఒక్క కుళ్లు. ఒకదాన్ని చంపిన తెగులే అన్నిటినీ చంపింది. ఊరి పైనున్న కొండచరియ, నల్లవాలు మీది అడవి మొక్కలే బతికాయి. పొట్టిది, పొడుగుది, ఊదా కాడది, మంచులోనే పూసేది, ఏ ఒక్కటీ మరోదానికి అచ్చు కాదు. ఇప్పుడా వాలంతా తవ్వేసి మళ్లీ ఆ ఒంటితల్లి నారే పెట్టడానికి పైఆఫీసు నుంచి అనుమతి కాగితం తెచ్చాడు లువో.

ఆ మధ్యాహ్నమే ఊరు కుంపటి చుట్టూ చేరింది.

"వాడి దగ్గర కాగితముంది. మన దగ్గరేముంది?" అన్నాడు ముసలి ఆఖే.

"బురదుంది మావా," అంది ఆచా. "వాడటు దిగగానే వానకు రోడ్డు తెగింది. మూడు రోజులు వాడి జీపు రాదు. వాలు మీదవన్నీ తెచ్చేసుకుందాం."

"తెచ్చి ఒక్కచోట పెడితే మళ్లీ వాడికే దొరుకుతాయి గదే."

"ఒక్కచోట, ఒక్క రకం నాటి ఒకసారి మునిగాం, చాలదా? నీ పెరటికి పొట్టిది. మా వాగొడ్డుకు ఊదాది. ఇంటికో రకం. ఒకింట్లో చచ్చినా తక్కినవి బతకాలి."

"మా పెరట్లో మా ఆవిడ నోటికి గడ్డే బతకదు," అన్నాడు ఆఖే. కానీ ముందు పార అందుకుంది ఆయనే.

మూడు రోజులూ మొక్కలు మట్టిముద్దలతో సహా బుట్టలెక్కి కొండ దిగాయి. నాలుగోరోజు లువో పోలీసులతో వచ్చేసరికి నల్లవాలు బోసిపోయి ఉంది.

"ఎవరు చేశారిది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే." ఆచా మట్టి చేతులు చూపించింది. ఆమెను జీపెక్కించారు.

"నేనూ తవ్వాను," అన్నాడు ఆఖే, చేతులు చాపి.

"నేనూ." "నేనూ." ఊరందరి చేతులూ లేచాయి. అన్నిటికీ అదే నల్లమట్టి.

"జీపులో చోటు లేదు, పొండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నడిచే వస్తాం లెండి సారూ," అన్నాడు ఆఖే. " మొక్కకు మొక్కుతాం గానీ, దాన్ని తొక్కినోడికి మొక్కం."

ఊరంతా రోడ్డెక్కింది, జీపు వెనక కాదు, ముందు. హారన్ మోగింది. ఒక్కరూ జరగలేదు. జీపు వాళ్ల వెనకే నత్తలా పాకింది.

వాగొడ్డున రాయిచాటు నుంచి ఊదా కాడ ఒకటి తొంగిచూస్తోంది. జీపులో పక్కనే కూర్చున్న లువో తన చూపును పట్టేస్తాడని ఆచా కళ్లు ముందుకు తిప్పుకుంది. ముందు రోడ్డే కనిపించలేదు. జనమే ఉన్నారు.