పూజలో పెట్టిన కత్తి

ఆయుధపూజ నాడు పూజలో పెట్టిన పనిముట్టును విజయదశమి పొద్దు పొడిచేదాకా ఎవరూ తాకరు. తిరువళ్ళూరులోని ఒక చిన్న ల్యాబులో ఈ కట్టడిని టెక్నీషియన్ దేవరాజులు పాటించినంత గట్టిగా గుడి పూజారి కూడా పాటించడేమో. జబ్బు పరీక్షకు రోగుల కండముక్కలు పలచగా కోసే మిషనులోంచి పొడుగాటి కత్తిని తీసి, నూరి, తుడిచి, అరిటాకు మీద పడుకోబెట్టి గంధం, కుంకుమ పెడతాడు. పక్కన బొరుగులు, శనగ గుగ్గిళ్ళు. ఆ రోజంతా కత్తికీ సెలవే, ఆయనకూ సెలవే.

1988లో ల్యాబుకు ఒక కొత్త సామాను వచ్చింది గానీ, దానికి ఆయన బొట్టు పెట్టలేదు. ల్యాబు నడిపే డాక్టర్ ఆరోగ్యమేరి తన అన్నచేత సింగపూరు నుంచి తెప్పించిన మైక్రోవేవ్ పొయ్యి అది. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను స్పిరిట్లోనూ, కరిగించిన మైనంలోనూ రోజుల తరబడి నానబెడితే గానీ పలచగా కోయడానికి రాదు. ఆ పనంతా ఈ పొయ్యిలో ఒక్క పూటలో అయిపోతుందని డాక్టరమ్మ అంటుంది. కూడు వేడిచేసుకునే పెట్టెలో జబ్బు తెలుస్తుందా అని దేవరాజులు పెదవి విరిచాడు. మొదట పెట్టిన ముక్క ఉడికిపోయి చెప్పుతోలులా తయారైతే ఆయన సంతోషం అంతా ఇంతా కాదు. తర్వాత డాక్టరమ్మ వేడి తగ్గించి, ఆపి ఆపి పెట్టి, ముక్కలు బాగానే తీసింది. ఆ సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు ఆయుధపూజ ముగిసి గుగ్గిళ్ళు పంచుతుండగా తిరుత్తణి రైలు దిగి అలిమేలమ్మ అనే ఆవిడ ఒక సీసా పట్టుకొని వచ్చింది. ఆమె మొగుడు చెంగయ్య నేతగాడు. మోచేతి కింద గడ్డ లేచి, పగిలి, చీము పట్టింది. జ్వరం దిగడం లేదు. అక్కడ నర్సింగ్ హోములో సర్జన్ నటరాజన్ చూసి, కేన్సరులాగే ఉంది, ఇంకా ఆగితే మనిషి దక్కడు, రేపు పొద్దున చెయ్యి తీసేస్తానన్నాడు. కేన్సరు కాదని ఈలోగా రిపోర్టు వస్తేనే చెయ్యి నిలిచేది. సీసాలో ఆ గడ్డ ముక్క ఉంది.

డాక్టరమ్మ సీసాను చూసింది, తర్వాత దేవరాజులును చూసింది. "అన్నా, పొయ్యిలో నేను పెడతా. కోసేది మీరే."

"ఈ దినం కత్తి ఎత్తేది లేదమ్మా. రేపు పొద్దున్నే కోసిస్తా."

"రేపు పొద్దున్నే అక్కడ చెయ్యి కోసేస్తారు."

ఆయన అలిమేలమ్మ వైపు తిరిగాడు. ఆమె బతిమాలుతుందనుకున్నాడు. బతిమాలితే కోప్పడి తప్పించుకోవచ్చు. ఆమె ఆకు మీది కత్తినే చూస్తోంది.

"మేమూ మగ్గానికి బొట్టు పెట్టినామయ్యా," అంది. "ఆయప్ప ఒంటిచేత్తోనే పెట్టినాడు. ఈ దినం కత్తి ఎత్తమని నేనెట్ల అడిగేది?" అని గోడవారగా కూర్చుండిపోయింది.

దేవరాజులుకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఆయనకే తెలియలేదు. డాక్టరమ్మ పొయ్యి పని ముగించి, ముక్కను పొదిగిన మైనం దిమ్మను చల్లార్చి తెచ్చేదాకా అటూ ఇటూ తిరిగాడు. దిమ్మను గోటితో నొక్కి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. కత్తికి దండం పెట్టి, లెంపలేసుకొని, గంధం తుడిచేశాడు.

కోసిన పొరను గాజుపలక మీద పరిచి, రంగు పెట్టి ఇచ్చాడు. డాక్టరమ్మ మైక్రోస్కోపులోంచి చాలాసేపు తలెత్తలేదు.

"కేన్సరు కాదు. టీబీ. మాత్రలతో మానుతుంది."

అలిమేలమ్మ బోరున ఏడ్చింది. తిరుత్తణికి ఫోను కలిపారు.

సర్జన్ నమ్మలేదు. పొయ్యిలో వండిన ముక్కను చూసి గడ్డను వదిలేస్తే, పోయేది చెయ్యి కాదు, ప్రాణం అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. దేవరాజులైనా ఆ మాటే అనేవాడు. చివరికి సర్జన్ దేవరాజులును పిలవమన్నాడు. ఆయన పంపే ముక్కలన్నీ ఏళ్ళ తరబడి దేవరాజులు చేతి మీదుగానే పోతున్నాయి.

"ఏమప్పా, ఆ ముక్కను నమ్మొచ్చునా?"

పొయ్యిని తిట్టిన మాటలన్నీ దేవరాజులు నాలుక చివరే ఉన్నాయి. వాటిలో ఒక్కటి అంటే చాలు, చెయ్యి పోతుంది. తన మీదికి మాట రాదు.

"ముక్క శుద్ధంగా వచ్చింది సార్. నేనే కోసినా."

"నువ్వా? ఈ దినమా?"

"ఈ దినమే సార్. పూజలోంచి ఎత్తి కోసినా."

ఏ ఆయుధపూజకూ దేవరాజులు కత్తి ముట్టడని సర్జన్‌కు తెలుసు.

"సరే," అన్నాడు సర్జన్. "చీము తీసి కట్టు కడతా. చెయ్యి ఉండనీ."

ఫోను పెట్టేశాక దేవరాజులుకు భయం పట్టుకుంది. కత్తి ఎత్తినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. తప్పయితే ఒక మనిషి చస్తాడు. నమ్మమన్నది తను. డాక్టరమ్మను పక్కకు జరగమని మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. ఇన్నేళ్ళూ రంగు సరిగ్గా పట్టిందో లేదో చూసేవాడే తప్ప, జబ్బేమిటో చూడటం ఆయన పని కాదు. ఎర్రగా, నీలంగా ఏవో చుక్కలు కనిపించాయి. అంతకుమించి ఏమీ అర్థం కాలేదు.

"ఇంకోసారి చూడమ్మా," అన్నాడు.

ఆమె చూసింది. "అన్నా, టీబీయే."

"ఇంకోసారి."