ముగియని మొదటి ఇన్నింగ్స్

హెస్టర్ ప్రైస్‌కి మనుషుల్ని చేతిని బట్టి పోల్చుకోవడం అలవాటు. ముఖం చూడక్కర్లేదు, గొంతు వినక్కర్లేదు. తీగకి అవతల కూర్చుని టెలిగ్రాఫ్ మీట నొక్కుతున్నది ఎవరో నాలుగక్షరాలు వింటే చాలు, చెప్పేసేది. కొండల అవతల హాల్‌బ్రూక్ మైదానంలో కూర్చునే మైలో టీగ్‌ది ఈడ్చే చెయ్యి. ఒక్కో మాటా బరువు మోస్తున్నట్టు పంపేవాడు.

కారోడేల్ బొగ్గు గనుల ఊరు. పోయిన ఏడు లీగ్‌లో అట్టడుగున ఉన్న కారోడేల్ మైనర్స్ బేస్‌బాల్ జట్టు, పందొమ్మిది వందల నలభై ఏడు జులై వచ్చేసరికి రెండో స్థానానికి ఎక్కింది. ఊరికి పిచ్చెక్కింది. క్షవరం చేసే చోటా, చర్చి మెట్ల మీదా అదే మాట. జట్టు పొరుగూరు వెళ్లినప్పుడు వెంట మనిషిని పంపే స్తోమత రేడియో స్టేషన్‌కి లేదు. ఆటలో జరిగింది జరిగినట్టు తీగ మీద వచ్చేది. హెస్టర్ విని, చీటీ మీద టైపు చేసి, పక్కన టైము వేసి, బల్ల మీదుగా మైకు దగ్గర కూర్చునే క్లెమ్ యోడర్ ముందుకి జరిపేది. దాంట్లో మూడు మాటలుంటే క్లెమ్ ముప్ఫై మాటలు చెప్పేవాడు. పెన్సిల్‌తో చెక్కముక్క మీద కొడితే బ్యాట్ చప్పుడు, గ్రామఫోన్ రికార్డు తిప్పితే జనం కేకలు. వినేవాళ్లకి మైదానం కళ్లకి కట్టేది.

ఆ బుధవారం పొద్దున హాల్‌బ్రూక్ వెళ్తూ జట్టు బస్సు రేడియో స్టేషన్ ముందు ఓ నిమిషం ఆగింది. బంతి వేసే కాజిమిర్ డ్యుడెక్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఇరవై మూడేళ్లవాడు, గనిలో పనిచేసి వచ్చినవాడు. బంతి అందుకున్నాడంటే పులి, బ్యాట్ పట్టాడంటే పిల్లి.

"మిస్ ప్రైస్! ఇవాళ నేను కొడతాను. వేళ్లు నొప్పెట్టేదాకా టైపు చేద్దురుగాని!"

"ముందు బంతి ఎటు నుంచి వస్తుందో కనుక్కోరా కాజ్!" వెనక సీట్లోంచి రస్ టారెంట్ అరిచాడు. బస్సంతా ఘొల్లుమంది. పదిహేను మందితో బస్సు పొగమంచులోకి వెళ్లిపోయింది.

సరిగ్గా రెండు గంటలకి మీట కొట్టుకోవడం మొదలైంది.

హెస్టర్ రెండు మాటలు టైపు చేసి ఆగింది. చెయ్యి మైలోది కాదు. ఆమెకి తెలిసిన ఎవరిదీ కాదు. తడబాటు లేదు, తొందర లేదు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకోవడం లేదు. వాన చుక్కలు ఒకే లెక్కన పడుతున్నట్టుంది.

"ఎవరు? మైలో ఏడీ?" అని తిరిగి నొక్కింది.

జవాబు లేదు. టారెంట్ కొట్టాడు, మొదటి బేస్ చేరాడు. అంతే వచ్చింది.

"ఏమైందమ్మాయ్? కానీ, కానీ," అని క్లెమ్ చేత్తో సైగ చేశాడు.

టారెంట్ బేస్‌లన్నీ చుట్టి, బయల్దేరిన చోటికి, హోమ్ చేరాడు. ఒక పరుగు. తర్వాతివాడు కొట్టాడు, వాడూ హోమ్ చేరాడు. మూడోవాడు, నాలుగోవాడు కూడా. క్లెమ్ కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడుతున్నాడు, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎదురుగా మంగలి దుకాణం ముందు జనం పోగయ్యారు. ఎనిమిదో పరుగుకి ఎవడో లారీ హారన్ ఆపకుండా మోగించాడు.

హెస్టర్ మాత్రం లెక్క చూసుకుంటోంది. ఎనిమిది మంది ఆడారు, ఒక్కడూ ఔటవలేదు. అలా జరగదని కాదు, ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. కానీ బంతి వేస్తున్నవాడి పేరు తీగ మీద ఒక్కసారీ రాలేదు. క్లెమ్ తనకి తోచిన హాల్‌బ్రూక్ కుర్రాడి పేరేదో పెట్టి నెట్టుకొస్తున్నాడు. అంతగా దెబ్బలు తింటున్నవాణ్ణి మార్చి ఇంకొకణ్ణి దించినట్టూ రాలేదు.

తొమ్మిదోవాడు డ్యుడెక్.

ఒక బంతి వదిలేశాడు, తప్పు. ఇంకోటీ వదిలేశాడు, అదీ తప్పు. మూడో తప్పు చేస్తే ఔట్. ఆ తర్వాత వచ్చినవన్నీ ఒకటే మాట: ఫౌల్. బ్యాట్ అంచుకి తగిలి గీత బయటికి పోయిన బంతి. అది ఔటూ కాదు, పరుగూ కాదు, మళ్లీ వేయాల్సిందే. ఫౌల్. ఫౌల్. ఫౌల్.

"బంతికి గాలి కూడా తగిలించలేనివాడు ఇవాళ ఒక్కటీ పోనివ్వడం లేదండోయ్!" అని మొదట క్లెమ్ నవ్వాడు. ఇరవై దాటాక నవ్వడం మానేశాడు. నలభై దాటాక కొత్త మాటలు దొరక్క వరస లెక్క మాత్రం చదువుతున్నాడు. వీధిలో హారన్లు ఆగిపోయాయి. ఎందుకో తెలియకుండానే జనం టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. మధ్యలో ఒక చెడ్డ బంతి, చాలాసేపటికి ఇంకొకటి, మరి కాసేపటికి మూడోది. ఇంకొక్కటి చెడ్డది పడితే వాడు ఊరికే నడిచి మొదటి బేస్‌కి పోవచ్చు.

క్లెమ్ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "హెస్టర్, ఇది ఆట కాదు. ఆపేద్దామా?"

"వద్దు," అంది హెస్టర్. ఎందుకన్నదో ఆమెకే తెలీదు. "వాడు ఆడుతున్నంతసేపూ మనం ఆపకూడదు."

మూడూ నలభైకి వచ్చింది: నాలుగో చెడ్డ బంతి. డ్యుడెక్ మొదటి బేస్‌కి నడిచాడు.

ఆ తర్వాత మీట కదల్లేదు. ఆమె ఎన్నిసార్లు పిలిచినా కదల్లేదు. పావుగంటకి ఫోను మోగింది. మైలో టీగ్.

"రెండు గంటల నుంచి మీ లైను కోసం చస్తున్నాను! తీగ బిజీ, ఫోను బిజీ. ఆట లేదు తల్లీ. మీ బస్సు మా ఊరు రానేలేదు."

ఒంటిగంటప్పుడు బస్సు లోయలో పడింది. కట్టెలు కొట్టేవాళ్లు చూసి పరుగెత్తారు. ఎనిమిది మంది ఒకరి తర్వాత ఒకరు పోయారు. మేనేజరూ, ఆ రోజు ఆడని మిగతావాళ్లూ కాళ్లూ చేతులూ విరిగి బతికారు. డ్యుడెక్‌ని మాత్రం ఇంజను కింద నుంచి లాగేసరికి మూడూ నలభై అయింది. తీసినవాళ్లలో ఒకడు గడియారం చూసుకున్నాడట.

ఎనిమిది మంది పేర్లూ వాళ్లు పోయిన వరసలో చదివి చీటీలతో సరిపోల్చింది హెస్టర్. వరస కూడా మారలేదు.

స్టేషన్ యజమాని వచ్చి, చీటీలన్నీ పొయ్యిలో వేయమన్నాడు, ఎవరో ఆకతాయి తీగ మీద చేసిన పని అని చెప్పమన్నాడు. క్లెమ్ అలాగే చెప్పాడు. చెప్పి, ఇంటికెళ్లి, వారం రోజులు బయటికి రాలేదు. హెస్టర్ పొయ్యిలో ఆట చీటీలకి బదులు పాత వాతావరణం చీటీలు వేసింది.

అంత్యక్రియలయ్యాక టారెంట్ భార్య నెల్ వచ్చింది. చంకలో బిడ్డ.

"నేను రేడియో దగ్గరే ఉన్నాను. రస్ హోమ్ చేరాడని క్లెమ్ గారు అనగానే బిడ్డని ఎత్తుకుని గంతులేశాను. అప్పటికి తను..." బిడ్డని రెండో చంకకి మార్చుకుంది. "ఆకతాయి పనేనా మిస్ ప్రైస్? నిజం చెప్పండి."

"ఎవరు పంపారో నాకు తెలీదమ్మా. వేళాకోళం చేసే చెయ్యి మాత్రం కాదు. నేను చాలా చేతులు విన్నాను."

మొదటి చీటీ తీసి ఇచ్చింది. నెల్ దాన్ని మడవకుండా, తడి సిరాతో ఉన్నదాన్ని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుపోయింది.

లీగ్‌లోని తక్కిన జట్లు తలా ఇద్దరిని అరువిచ్చాయి. రెండో స్థానంలో ఉన్న మైనర్స్ వరసగా ఓడి ఏడో స్థానానికి దిగింది. అయినా ఊరు మానలేదు, ప్రతి ఆటకీ వచ్చి కూర్చుంది, కేకలు లేకుండా.

సెప్టెంబరులో సొంత మైదానంలో ఆఖరి ఆట రోజున డ్యుడెక్ కర్ర ఊతంతో స్టేషన్ మెట్లెక్కి వచ్చాడు. కుడిచెయ్యి భుజం దాటి లేవదు. ఇంక బంతి వేయలేడు.

"నావి ఎన్ని ఫౌల్స్?" అన్నాడు కూర్చుంటూనే.

"అరవై మూడు."

కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "బస్సు పడడం గుర్తులేదు. నొప్పి గుర్తులేదు. ఎవరో వేస్తున్నారు, నేను ఒక్కటీ పోనివ్వకూడదు. అదొక్కటే తెలుసు. చేతులు పీకేస్తున్నాయి. ఎవరు వేశారు మిస్ ప్రైస్? పేరొచ్చిందా?"

"రాలేదు కాజ్. ముఖం చూశావా?"

"ఎండ వాడి వెనకుంది." గొంతు తగ్గించాడు. "భలే వేస్తాడు. కోపం లేదు. ఎంతసేపైనా వేసేలా ఉన్నాడు. అందరూ వాడివి కొట్టామనుకున్నారు. కొట్టనిచ్చాడు, అంతే. నా దగ్గర మాత్రం చివరికి ఆగి, బంతిని చేతిలో అటూ ఇటూ తిప్పి, నాకేసి చూసి..."

"చూసి?"

"కావాలనే పక్కకి వేశాడు."

వీధి చివర మైదానంలో జనం లేచి నిలబడ్డ చప్పుడు వినిపించింది. డ్యుడెక్ కర్ర అందుకుని లేచాడు.

"వస్తారా? మనవాళ్లు ఓడిపోతారనుకోండి. అయినా చూద్దాం."

హెస్టర్ కోటు వేసుకుని వాడి వెంట మెట్లు దిగింది.