చల్లటి మందు

నేను ఒక గాజు సీసాను. పడుకోబెట్టడానికి వీలుగా నా ఒక వైపును చదునుగా పోశారు. విజయనగరం వైపు ఒక పశువైద్య ప్రయోగశాలలో నా ఉద్యోగం పడుకుని ఉండటమే.

గుడ్డులోని కోడిపిండం నుంచి తీసిన కణాలు నా చదును గోడ మీద పలచగా పరుచుకునేవి. వాటి మీద డాక్టర్ సువర్చల కోళ్ల మశూచి వైరస్‌ను పోసేది. అది పెరిగాక కొంత తీసి, కొత్త కణాలున్న మరో సీసాలోకి మార్చేది. నన్ను కడిగి, ఉడికించి, మళ్లీ పడుకోబెట్టేవారు. సీసాలు మారేకొద్దీ వైరస్ ఆ కణాలకు అలవాటుపడి, కోడిని బాధపెట్టడం మరిచిపోసాగింది.

టీకా వేసిన కోడికి రెక్క మీద చిన్న పొక్కు లేవాలి. మందు పట్టిందనడానికి అదే గుర్తు. కానీ రెక్క వాచిన కోడిని చూస్తే సువర్చలకు ప్రాణం ఒప్పేది కాదు. ఇంకాస్త మెత్తబడాలని మరికొన్ని సీసాలు మార్చింది.

మాకు గుడ్లు తెచ్చేది పైడమ్మ. భర్త పోయాక ఆమెకు కోళ్లే ఆధారం. వానలకు ముందు సువర్చల వాటికే మొదట టీకా వేసింది. వారం తిరిగాక అడిగింది.

"పొక్కు లేచిందా, పైడమ్మా?"

"ఒక్కదానికీ నేదమ్మా! జొరం నేదు, మేత మాననేదు. ఎంత సల్లటి మందో!"

సువర్చల మురిసిపోయింది. మెత్తనివాళ్లను మనుషులు మెచ్చుకుంటారు గాని గుర్తుపెట్టుకోరు. కోడి ఒళ్లూ అంతే, మరీ మెత్తబడిన వైరస్‌ను గుర్తుపెట్టుకోదని ఆమెకు తెలుసు. ఆ పూట గుర్తు రాలేదు.

వానలు పడ్డాయి. పైడమ్మ బుట్టలో ఈసారి గుడ్లు లేవు. ఒక కన్ను మూసుకుపోయిన పెట్ట ఉంది. మిగిలింది అదొక్కటే.

"అన్నిట్నీ అమ్మోరు ఎత్తుకెల్లిపోనాది తల్లీ. నీ మందు తప్పు కాదులే."

"నాదే తప్పు. పొక్కు లేవలేదంటే మందు పట్టలేదని. ఆ రోజే మళ్లీ వేయాల్సింది."

పైడమ్మ పెట్ట వీపు నిమిరింది.

"నాను నవ్వుతా సెప్పినాను కదమ్మా," అంది.

సువర్చల మెత్తబడని పాత వైరస్‌ను బయటికి తీసి పని మళ్లీ మొదలుపెట్టింది. మూతి చిట్లిన నన్ను, ఆఖరుసారి ఉడికించాక, పైడమ్మ అడిగి తెచ్చుకుంది. ఇప్పుడు నాలో ఆముదం ఉంది. సాయంత్రాలు కాస్త వేలికి తీసుకుని పెట్ట కంటి మీది పక్కులకు రాస్తుంది. ఆ కన్ను తెరుచుకోదు.

ఇక్కడ నన్ను గూట్లో నిలబెట్టి ఉంచారు. నాకింకా అలవాటు కాలేదు.