కాశీ వీధిలో క్యారేజీ పిల్ల

మా మేస్త్రి కాశీ చూడలేదు. నేనూ చూడలేదు. అయినా ఇరవై ఏళ్ళలో ఇద్దరం కలిసి పదకొండు కాశీలు వేశాం. పద్య నాటకాల వాళ్ళకు అడవి తెర, దర్బారు తెర, కాశీ వీధి తెర తప్పనిసరి. మొదటి రెండూ ఎవడైనా వేస్తాడు. ఆకులు వేస్తే అడవి, స్తంభాలు వేస్తే దర్బారు. వీధి వెయ్యాలంటే మాత్రం మనుషులు తెలియాలి.

మేస్త్రి పేరు మీరా హుస్సేన్. పాత గుంటూరులో రేకుల షెడ్డు ఆయనది. నేను జక్రయ్యను, ఆయన దగ్గర పని నేర్చుకుని, నేర్చుకున్నది చాలదన్నట్టు ఆయన పనినే పాడుచేసినవాణ్ణి. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా.

వీధి తెరకు ఒక పద్ధతి ఉంది. రెండు పక్కలా మేడలు వెయ్యాలి. అవి పోను పోను చిన్నవై, దూరంగా ఒక గోపురం దగ్గర కలవాలి. వీధి మధ్య ఖాళీగా వదలాలి, నటుడు నిలబడేది అక్కడే కాబట్టి. అంచుల్లో మనుషుల్ని వేసుకోవచ్చు గానీ వీపులే వెయ్యాలి. ముఖాలు వేస్తే జనం నటుణ్ణి వదిలి తెరను చూస్తారని తాతల నాటి నియమం. మా మేస్త్రికి ఆ నియమం అంటే ఒళ్ళు మంట.

"వీధిలో అందరూ అటు తిరిగే పోతారంట్రా? ఒక్కడన్నా మనవంక చూడడా?" అనేవాడు.

అందుకని ఆయన కాశీలో ముఖాలుండేవి. పట్నంబజారులో గాజులమ్మే ముసలాయన గంగ ఒడ్డున కూర్చునేవాడు. మూడొంతెనల దగ్గర ఇడ్లీలు వేసే ఆవిడ కాశీలో అరుగు కడిగేది. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని మరీ, విశ్వనాథుడి గుడి పక్కన బస్తా దించేవాడు. కాశీలో మిరపఘాటు ఎందుకు ఉంటుందని నేనడిగితే, మనుషులున్న చోట ఏదో ఒక ఘాటు ఉంటుందిలేరా అన్నాడు.

వీధులన్నీ నింపినవాడు ఇంట్లో మాత్రం ఒక్క బొమ్మ పెట్టలేదు. బొమ్మలున్న ఇంట్లో దేవదూతలు అడుగుపెట్టరని ఆయన నమ్మకం. గోడకు క్యాలెండరు కూడా అంకెలుండేదే. ఒక్కగానొక్క కూతురు మెహర్ ఐదో తరగతితో బడి మానేసింది కాబట్టి హాల్‌టికెట్టు ఫోటో కూడా లేదు. ఒకసారి ఆయన భార్య సర్దార్‌బీ, పిల్లకు ఒక్క ఫోటో తీయిద్దామని అడిగితే ఆయన నవ్వాడు.

"ఫోటో ఎందుకూ? కాశీలో ఉందిగా!"

ఉంది, నిజమే. తొంభై ఎనిమిదిలో కోటేష్‌కు వేసిన తెరలో ఉంది. కోటేష్ నాటకాలకు తెరలు, కిరీటాలు, మైకులు అద్దెకిచ్చేవాడు. ఆ తెర వేస్తున్న రోజుల్లో మెహర్ రోజూ మధ్యాహ్నం షెడ్డుకు అన్నం తెచ్చేది. పదహారేళ్ళ పిల్ల. తలమీద ఓణీ, చేతిలో మూడు గిన్నెల స్టీలు క్యారేజీ, పై వరసలో ఒక దొంతర పన్ను. నవ్వితే ముందు ఆ పన్నే కనపడేది. మేస్త్రి ఒకరోజు దాన్ని అక్కడే నిలబెట్టి, ఎడమవైపు మూడో ఇంటి మెట్టు మీద వేసేశాడు. ఓణీ, క్యారేజీ, దొంతర పన్ను, అన్నీ.

"మామా, మా నాన్న నన్ను కాశీ తీసుకెళ్ళడంట. అక్కడే వదిలేస్తాడంట," అని నాతో నవ్వింది. అప్పుడు అందరం నవ్వాం. సర్దార్‌బీ కూడా వచ్చి చూసుకుని, దిష్టి తగులుతుందని అక్కడికక్కడే మెటికలు విరిచింది.

మరుసటి ఏడు మెహర్ పచ్చకామెర్లతో పోయింది. నాటు మందు కట్టించారు, పసరు పోయించారు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. మేస్త్రి షెడ్డుకు రావడం తగ్గించాడు. వచ్చినా కుంచె తడిపి, చూసి, మళ్ళీ ఆరబెట్టేవాడు. పని నా చేతికొచ్చింది. పెద్దవాణ్ణయ్యానని లోలోపల సంతోషపడ్డాను కూడా. అబద్ధం చెప్పి ఏం లాభం.

రెండువేల ఒకటిలో శివరాత్రికి పొన్నూరులో నాటకం. రాజు వేషగాడు కాశీ వీధిలో నిలబడి, భార్యాబిడ్డల్ని తలుచుకుని, రాగం తీసి ఏడుస్తున్నాడు. జనం ముక్కులు చీదుతున్నారు. అంతలో ముందు వరసలోంచి ఎవడో లేచాడు.

"ఒరేయ్, కృతయుగంలో స్టీలు క్యారేజీ ఎక్కడిదిరా!"

ఇంకేముంది, పందిరంతా ఒకటే నవ్వు. రాజు గొంతులో రాగం గొంతులోనే ఉండిపోయింది. తెల్లారి కోటేష్ తెర తెచ్చి షెడ్డులో నా ముందు పడేశాడు.

"ఆ పిల్లని తీసేయ్ జక్రయ్యా. సాయంత్రం బాపట్లలో ఆట ఉంది."

"ఆ పిల్ల ఎవరో తెలుసా?" అన్నాను.

"ఎవరైతే నాకేంటయ్యా, క్యారేజీ తీసేయ్," అన్నాడు. అతని తప్పేం లేదు. అతనికి నిజంగా తెలియదు.

నాకు తెలుసు. తెలిసే కుంచె పట్టాను. క్యారేజీ ఒక్కటే మారుద్దామనుకున్నాను. దానిమీద పూలబుట్ట వేశాను. బుట్ట పట్టుకున్న చెయ్యి కుదరలేదు, చెయ్యి మార్చాను. చెయ్యి మారితే ఓణీ కుదరలేదు. ఓణీ తీసి కొప్పు పెట్టాను. అంతా నా చేతిదై, ముఖం ఒక్కటి మేస్త్రిదై మిగిలింది. అక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. మేస్త్రి తెరలో నా చేతి ముఖం ఒకటి ఉండాలన్న దురద నాకు. ప్రతి పెయింటరుకూ చేతికి అలవాటైన ముఖం ఒకటుంటుంది. నాది సబ్బు ప్రకటనలో నవ్వే ముఖం. పొడుగు కళ్ళు, మూసిన పెదాలు, బుగ్గన సొట్ట. గోడల మీద ఎన్ని వందలు వేశానో. అదే ముఖం మెహర్ ముఖం మీద వేశాను. పావుగంట పని.

మేస్త్రికి చెప్పలేదు. రెండువేల మూడులో ఆయన పోయేదాకా చెప్పలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాకు చెప్పే నోరుండాలి కదా.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి, మా పని పోయింది. నేను లారీల వెనక నంబర్లు, అక్షరాలు రాసుకుంటూ బతుకుతున్నాను. రెండువేల ఆరు ఎండాకాలంలో సర్దార్‌బీ నన్ను వెతుక్కుంటూ లారీల స్టాండుకు వచ్చింది. మనిషి సగమైపోయింది.

"జక్రయ్యా, పిల్ల ముఖం రావట్లేదయ్యా," అంది.

నాకు అర్థం కాలేదు.

"కళ్ళు మూసుకుంటే జడ వస్తుంది. పన్ను వస్తుంది. గడప దిగేటప్పుడు మడమ వస్తుంది. మొత్తం ముఖం మాత్రం ఒక్కసారిగా రావట్లేదు. మూడు నెలల నుంచీ ఇంతే. కన్నదాన్ని, నాకే రాకపోతే ఇంకెవరికి వస్తుంది? ఆ తెర ఎక్కడుందో ఒక్కసారి చూపించు. నీకు దణ్ణం పెడతా."

కోటేష్ ఊళ్ళో లేడన్నాను. తెరలన్నీ అమ్మేశాడేమో అన్నాను. వారం రోజులు అలాగే తప్పించుకు తిరిగాను. ఆవిడ ఊరుకోలేదు, ఎవరినో పట్టుకుని కోటేష్‌కు ఫోన్ చేయించింది. తెర తన గోడౌన్‌లోనే ఉందని, శుక్రవారం వచ్చి చూసుకోమని, కావాలంటే ఆ ముక్క కోసుకుపొమ్మని కోటేష్ చెప్పాడు. నాటకాలు లేక అతను గోడౌన్ మిర్చి వ్యాపారులకు అద్దెకిచ్చాడు. తెరలు ఎందుకూ కొరగాకుండా పడి ఉన్నాయి.

గురువారం పొద్దున్నే నేనొక్కణ్ణే వెళ్ళాను. తెర అటక మీద వెదురుకు చుట్టి ఉంది. బస్తాల మధ్య నేలమీద పరిచాను. ఘాటుకు కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, మంచిదే అయింది, ఏడుస్తున్నానో లేదో నాకే తెలియలేదు. మేస్త్రి వీధి వీధిలాగే ఉంది. గాజుల ముసలాయన నన్ను గుర్తుపట్టినట్టే చూశాడు. మూడో ఇంటి మెట్టు మీద నా సబ్బు బొమ్మ నవ్వుతోంది.

నా బొమ్మ కడిగేస్తే కింద మెహర్ ఉంటుంది కదా అనుకున్నాను. తెర రంగులు తెలిసినవాడెవడూ అలా అనుకోడు. అవి పొడి రంగులు, వజ్రం జిగురుతో కలిపి వేసేవి. ఒక్క వాన చినుకు పడినా కరిగిపోతాయి. పై రంగు, కింది రంగు అన్న తేడా నీళ్ళకు తెలియదు. అయినా ఆశ. దూది తడిపి, ముఖం జోలికి పోకుండా, బుట్ట అంచున మెల్లగా అద్దాను. పూలు కరిగాయి. కింద ఒక్క తెల్ల గీత కనపడింది. స్టీలు క్యారేజీ మెరుపు. మేస్త్రి ఒకే ఊపులో లాగిన గీత అది, నేను ఎన్నేళ్ళు ప్రయత్నించినా రాని గీత. చూస్తుండగానే అదీ కరిగి జారిపోయింది. ఉత్త గుడ్డ మిగిలింది.

దూది పారేశాను. మెహర్ అక్కడే ఉంది, నా బొమ్మ కింద, రంగు మందమంత లోతులో. తియ్యబోతే పోతుంది. తియ్యకపోతే ఎప్పటికీ కనపడదు.

సంచిలో రంగులున్నాయి. తడిసిన చోట మళ్ళీ పూలు వేశాను.

ఆ రాత్రంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. అక్కా, తప్పు నాది. అక్కా, నన్ను కొట్టు. శుక్రవారం సర్దార్‌బీ ఆటోలో వచ్చింది. బురఖా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దగ్గుతూ, బస్తాల మధ్యగా నడిచి తెర దగ్గరకొచ్చింది. దారి చెప్పక్కర్లేకుండా ఎడమవైపు మూడో ఇంటి దగ్గర కూలబడింది.

చాలాసేపు చూసింది.

"క్యారేజీ ఏది?"

కూడబలుక్కున్నది కాక ఇంకోటి నోట్లోంచి వచ్చింది.

"తర్వాత మార్చారక్కా, నాటకాలవాళ్ళు అడిగితే," అన్నాను.

"ఓణీ కూడా మార్చారా? ఆయనేనా?"

అవునని తల ఊపాను. అంతే, తల ఊపడం ఒక్కటే. దానికి మాట కూడా అక్కర్లేకపోయింది.

ఆవిడ బొమ్మ బుగ్గ మీద వేలు పెట్టింది. "నవ్వు మాత్రం దానిదే," అంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "వచ్చింది జక్రయ్యా. ముఖం వచ్చింది. అల్లా నిన్ను చల్లగా చూడాలయ్యా." నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నా గోళ్ళ సందుల్లో గురువారం వేసిన పూల రంగు ఇంకా ఉంది.

ఆ ముక్క నేనే కోసిచ్చాను. ఇంట్లో గోడకు పెట్టదట, మేస్త్రి నమ్మకం మేస్త్రిదే. ట్రంకు పెట్టెలో పిల్ల గాజుల పక్కన పెట్టుకుని, చూడాలనిపించినప్పుడు తీసి చూసుకుంటుందట. చేతులు తడిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దని జాగ్రత్త చెప్పాను. నాకు మిగిలిన మంచితనం ఆమాత్రమే.

నెల తర్వాత రమ్మని కబురు పెట్టింది. వెళ్ళాను. మనిషి తేరుకుంది. టీ ఇచ్చింది, బిస్కెట్లు పెట్టింది. ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు కళ్ళు మూసుకుంటే చాలు, వచ్చేస్తుందయ్యా. మొత్తం ముఖం. సొట్టతో సహా," అంది.

టీ గ్లాసు కింద పెట్టాను.

"ఒక్కటి అడుగుతా, నిజం చెప్పు. దానికి దొంతర పన్ను ఉండేదా? అప్పట్లో నాకు పన్నే ముందు గుర్తొచ్చేది. ఈమధ్య అది రావట్లేదు. బొమ్మలోనూ లేదు. ఉండేదా, నేనే అనుకున్నానా?"

ఐదేళ్ళలో మొదటిసారి నిజం నోటిదాకా వచ్చింది. "ఉండేదక్కా. ఉండేది. నాకు బాగా గుర్తుంది. నవ్వితే ముందు అదే కనపడేది," అన్నాను.

సర్దార్‌బీ ఆలోచించింది. తర్వాత జాలిగా నావంక చూసి, తల అడ్డంగా ఊపింది.

"లేదులే జక్రయ్యా. నీకూ నాలాగే మతిమరుపు వచ్చింది. ఉంటే ఆయన వెయ్యడా? కన్నతండ్రి, ఎదురుగా నిలబెట్టుకుని వేశాడు. ఆయన చెయ్యి అబద్ధం వెయ్యదు."

టీ చల్లారిపోయిందని, వేడి చేసి తెస్తానని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.