గదిలో దండెం

మేడ మీద ఎండ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊరికే పోయేది. బారుగా కట్టిన దండేలు, కావలసినంత గాలి, అడిగే నాథుడు లేని ఎండ. అంత సుఖం నెత్తిన పెట్టుకుని, రెండో అంతస్తులో గడియారాలు బాగుచేసే పెద్దమనిషి మాత్రం ఇంటిల్లిపాది బట్టలన్నీ కూతురు పడుకునే గదిలో, తలుపు వేసి మరీ ఆరేసేవాడు.

మతి చెడి కాదు. సిగ్గుపడి.

ఒకప్పుడు అతనికి వీధి మొదట్లో కొట్టుండేది. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట నిలబడాల్సిన కొట్టు. కబుర్లకు మాత్రం దానిని మించిన చోటు లేదు. కంటికి భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో చిన్న చిన్న చక్రాలు తీస్తూ, తలెత్తకుండానే వీధిలో వాళ్ళందరికీ పేర్లు పెట్టేవాడు. అతను పొద్దున పెట్టిన పేరు సాయంత్రానికల్లా నలుగురి నోళ్ళలో నానేది. కింది అంతస్తులో ఒక రిటైరైన రైలు గార్డు ఉండేవాడు. భార్య మంచాన పడితే ఆవిడ బట్టలన్నీ తనే ఉతికి, బకెట్ పట్టుకుని మేడెక్కి, ఒక్కొక్కటీ దులిపి ఆరేసేవాడు. కొట్లోంచి అది చూసి ఇతను, "అదుగోనయ్యా, దండెం దొరగారు వేంచేశారు" అన్నాడు. కొట్టు ముందున్న వాళ్ళంతా కడుపు పట్టుకుని నవ్వారు. అంతే, గార్డుగారి అసలు పేరు వీధి మరిచిపోయింది.

తర్వాత రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి ఆ వరస కొట్లన్నీ పడగొట్టారు. గడియారాల మనిషి తన బల్లనీ భూతద్దాన్నీ ఇంటికి తెచ్చుకుని ముందు గది కిటికీ దగ్గర కూర్చున్నాడు. భార్యకు బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఉద్యోగం. తెల్లవారకముందే వెళ్ళి సాయంత్రం వచ్చేది. రోజుకో ఉతికిన తెల్లకోటు ఉండాలి ఆవిడకి, లేకపోతే లోపలికి రానివ్వరు. దాంతో వంటా, ఊడ్పూ, ఉతుకుడూ అతని మీద పడ్డాయి. పడ్డాయని అతనేం బాధపడలేదు. వంట గదిలో చేసేది ఎవడు చూడొచ్చాడు? వచ్చిన చిక్కల్లా బట్టలతోనే.

మొదటిరోజు బకెట్ పట్టుకుని ఆఖరి మెట్టు దాకా వెళ్ళాడు కూడా. పక్క మేడ మీద క్యారమ్స్ ఆడుతున్నారు. వాళ్ళెవరో కాదు, తన కొట్టు ముందు కూర్చుని నవ్విన బృందమే. స్ట్రైకర్ టకీమని కొట్టిన చప్పుడూ, వెనకే పెద్ద నవ్వూ వినపడ్డాయి. బకెట్లో పైన భార్య లోపావడా ఉంది. దాన్ని వాళ్ళందరి ముందూ దులిపి ఆరేస్తున్నట్టు ఊహించుకున్నాడు. తను పెట్టిన పేరుకి తనే వారసుడు కావడం ఇష్టం లేక, పిల్లిలా వెనక్కి దిగిపోయాడు. ఆ పూటే కూతురి గదిలో కిటికీ ఊచల నుంచి బీరువా దాకా ప్లాస్టిక్ తాడు కట్టాడు. ముందు గదిలో కడితే గడియారాలు ఇవ్వడానికి వచ్చిన వాళ్ళు చూస్తారు కదా మరి.

భార్యకి మేడ మీద ఆరేస్తున్నానని చెప్పాడు. ఆవిడ వచ్చే వేళకి తాడు విప్పి, తడి ఆరనివాటిని ఇస్త్రీ పెట్టెతో అదిమి, మడతపెట్టి ఉంచేవాడు. "మీ చేతిలో నా కోటు మల్లెపువ్వయిపోతోంది గానీ, ఏదో ముక్కిన వాసనేస్తోందేమండీ" అందావిడ ఒకసారి. మబ్బుగా ఉంటోందిగా అన్నాడు. ఆవిడ నమ్మింది. ఆవిడ నమ్మడమే అతనికి అన్నిటికంటే కష్టంగా ఉండేది, అయినా మర్నాడు మళ్ళీ తాడు కట్టేవాడు.

కూతురు మూడో తరగతి. పిట్టంత మనిషి, అందుకే ఇంట్లో పిచ్చుక అని పిలిచేవాళ్ళు. తల్లి వెళ్ళగానే తండ్రి బట్టలు తెచ్చి ఆరేస్తే, ఆ తడి కోట్ల కింద నిద్ర లేచేది. ముక్కు మీద చుక్క పడితే కిలకిల నవ్వేది. దానికో బూడిదరంగు పిల్లి ఉండేది, పేరు మసి. సెలవు రోజుల్లో ఇద్దరూ ఆ బట్టల కింద దూరి, గుహలో ఉన్నామని, బయట వాన కురుస్తోందని ఆడుకునేవాళ్ళు. అమ్మకి చెప్పొద్దని అతను ఏనాడూ పిల్లతో అనలేదు. అనాల్సి వస్తే తను చేస్తున్నదేమిటో తన చెవులకే వినపడేది.

కొన్నాళ్ళకి మంచం వెనక గోడ చెమ్మగిల్లింది. నల్లటి మచ్చలు లేచాయి. తుడిస్తే పోయేవి, రెండు రోజులకి మళ్ళీ వచ్చేవి. పిచ్చుకకి దగ్గు పట్టుకుంది. జలుబు దగ్గనుకున్నారు, తగ్గలేదు. ఊపిరి తీస్తుంటే ఛాతీలో ఈల వేసినట్టు చప్పుడు. అప్పుడు భార్య సెలవు పెట్టింది, ముగ్గురూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

డాక్టరమ్మ పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విని, వరసగా అడిగింది. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా? తాగరు. దుమ్ము పని ఏదైనా? లేదు.

"తడి బట్టలు ఇంట్లో ఆరేస్తారా?"

అవునన్నా సరిపోయేది, తల ఊపినా సరిపోయేది. పక్కనే భార్య కూర్చుని ఉంది.

"లేదండీ. మేడ ఉంది కదా" అన్నాడు.

"మేడ మీద బోలెడు ఎండండీ మాకు, ఈయనే ఆరేస్తారు" అంది భార్య కాస్త గర్వంగా. పిచ్చుక తండ్రి ముఖంలోకి చూసింది. తర్వాత గోడ మీద ఊపిరితిత్తుల బొమ్మ కేసి తిరిగింది. అతను తేలు కుట్టిన దొంగలా చెప్పుల వంక చూసుకున్నాడు. డాక్టరమ్మ ఇంకో ప్రశ్న వేసింది. పిల్లులూ కుక్కలూ ఏమైనా? ఉందంది భార్య. అయితే కొన్నాళ్ళు దాన్ని దూరంగా ఉంచి చూడండి, దాని బొచ్చు వల్లేమో అని, పీల్చే మందు రాసిచ్చింది.

మసిని కింద గార్డుగారింట్లో వదలాలని తేలింది. పిల్ల ఏడుస్తుందని తల్లి బుజ్జగించడానికి సిద్ధంగా కూర్చుంది. అది ఏడవలేదు. పిల్లిని తనే చంకనెత్తుకుని, దాని గిన్నె కూడా పట్టుకుని దిగి వెళ్ళింది. వచ్చి చేతులు కడుక్కుంది. ఏడ్చినా బాగుండేది అనిపించింది అతనికి.

ఇప్పుడైనా తాడు విప్పేశాడా అంటే, లేదు. దానికి విరుద్ధంగా జరిగింది. ఇంట్లో పిల్లి బొచ్చు ఒక్క పోగు మిగలకూడదని భార్య దుప్పట్లూ, దిండు గలీబులూ, కర్టెన్లూ అన్నీ తీసి ఉతకడానికి వేసింది. అవన్నీ అతను ఉతికి, ఎక్కడ ఆరేశాడనుకున్నారు? పిల్ల మంచం మీదే, ఆ తాడు మీదే. రేపు మేడెక్కుతాను, ఎల్లుండి ఎక్కుతాను అనుకుంటూ.

స్కూలు సెలవు రోజు మధ్యాహ్నం అతను ముందు గదిలో పాత గోడ గడియారం విప్పి కూర్చున్నాడు. లోపలి నుంచి దగ్గు వినిపించి, ఆగిపోయింది. ఆ ఆగడం తేడాగా ఉంది. పరుగెత్తాడు. వేలాడుతున్న దుప్పట్ల మధ్య పిల్ల మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ పరుపుకి ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి కోసం గింజుకుంటోంది. మాట రావడం లేదు. వెంట్రుకంత స్ప్రింగుని కూడా వణక్కుండా పట్టుకునే అతని చేతులు పీల్చే మందు మూత తీయడానికి తడబడ్డాయి. ముందు గదిలోకి ఎత్తుకొచ్చి, కిటికీ తెరిచి, మందు పట్టాడు. మెల్లగా ఊపిరి అందింది. పిచ్చుక తండ్రి భుజం మీదుగా ఆ గది తలుపు వైపు ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. వెళ్ళి కత్తెరతో తాడు కోసేశాడు.

మర్నాడు బకెట్ పట్టుకుని మేడెక్కాడు. ఈసారి ఆఖరి మెట్టు దగ్గర ఆగలేదు. పక్క మేడ మీద స్ట్రైకర్ ఆగింది.

"ఏం బావా, దొరగారికి జోడీ కుదిరిందా?" అన్నాడొకడు.

నవ్వారు. తర్వాత ఎవరో, నీ వంతేరా, ఆడు అన్నారు. మళ్ళీ టకీమని చప్పుడు. అంతే. ఇంకేమీ జరగలేదు. తడి కోటు చేతిలో పట్టుకుని అతను అలాగే నిలబడిపోయాడు. దీనికా? ఈ ఒక్క నవ్వుకి భయపడా, పిల్లని ఇన్నాళ్ళు ఆ చెమ్మలో పడుకోబెట్టింది? వాళ్ళు ఇంకా కాసేపు నవ్వి ఉంటే, కనీసం నాలుగు మాటలు అని ఉంటే బాగుండుననిపించింది.

గార్డుగారు అప్పటికే అక్కడ ఉన్నాడు. తన బట్టలు పక్కకి జరిపి చోటిచ్చాడు.

"ఆ పేరు పెట్టింది మీరేనటగా బాబూ" అన్నాడు క్లిప్పు పెడుతూ. ఇతనికి తల కొట్టేసినట్టయింది. "మా ఆవిడకి తెగ నచ్చిందండీ. మంచం మీంచి దొరగారూ అనే పిలుస్తుంది ఇప్పటికీ."

ఇతను క్లిప్పులు ఏరుకున్నాడు. గార్డుగారి వెనకాల మేడెక్కి వచ్చిన మసి అతన్ని గుర్తుపట్టి, వచ్చి కాళ్ళకి వీపు రుద్దుకుంది.

బట్టలు ఎండకి పెళపెళమంటూ ఆరాయి. గది గోడకి సున్నం వేయించాడు, పగలంతా కిటికీ తెరిచి ఉంచాడు. పిల్ల దగ్గు పలచబడింది, ఈల తగ్గింది. "పిల్లిని పంపించేసి ఎంత మంచిపని చేశామండీ. నాకు మొదటి నుంచీ అనుమానమే దాని మీద" అంది భార్య. అతను ఊఁ కొట్టాడు. ఆవిడ అడిగితే చెబుదామనుకునేవాడు. అన్నీ మేడ మీదే ఆరుతున్నాయని మొదటి నుంచీ నమ్మిన మనిషి ఎందుకడుగుతుంది?

ఒక సాయంత్రం మెట్ల రెయిలింగు మీంచి కిందికి చూశాడు. పిచ్చుక స్కూలు నుంచి వచ్చి గార్డుగారి గుమ్మం ముందు గొంతుక్కూర్చుని ఉంది. పిల్లి దగ్గరికి వస్తుంటే తను వెనక్కి జరుగుతోంది, ముట్టుకోవద్దన్న తల్లి మాట జవదాటకుండా. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుని, స్కూల్లో జరిగిందంతా దానికి చెబుతోంది. అతను అక్కడ నిలబడలేకపోయాడు.

తర్వాతి సెలవు రోజున కూతుర్ని మేడ మీదికి తీసుకెళ్ళాడు. అది క్లిప్పులు అందిస్తుంటే దుప్పటి ఆరేస్తూ, దుప్పటి అవతల ఉండి చెప్పాడు, ముఖం చూపించే ధైర్యం లేక.

"మసిని తెచ్చేసుకుందామమ్మా. నీ దగ్గు దానివల్ల కాదు."

"తెలుసు" అంది పిచ్చుక.

అతను దుప్పటి పక్కకి తీశాడు. "ఎలా తెలుసు?"

"డాక్టరమ్మ అడిగితే నువ్వు లేదన్నావుగా. నేను చెబుదామనుకున్నాను. చెబితే అమ్మ నిన్ను తిడుతుందని ఊరుకున్నా." ఇంకో క్లిప్పు అందించి, కాస్త ఆలోచించి అంది. "అమ్మకి ఏం చెబుదాం నాన్నా? మసి దానంతటదే వచ్చేసిందని చెబుదామా? నేనూ అలాగే అంటాలే."

తన తప్పుకి పిల్ల తన పిల్లిని ఇచ్చేసిందని అప్పుడు అర్థమైంది అతనికి. ఇప్పుడు ఇంకో అబద్ధం కూడా సిద్ధం చేసి చేతికి అందిస్తోంది, క్లిప్పు అందించినంత సులువుగా.

"వద్దు. నేను చెబుతాను" అన్నాడు.

భార్య ఆ సాయంత్రం సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే ఎదురెళ్ళి, ఇంట్లోకి కూడా రానివ్వకుండా అక్కడే చెప్పేశాడు. తాడు, తలుపు, డాక్టరమ్మతో ఆడిన అబద్ధం, అన్నీ. తిట్టించుకోవడానికి తయారుగా ఉన్నాడు. ఆవిడ తిట్టలేదు. రెయిలింగు పట్టుకుని ఒకే ఒక్కటి అడిగింది.

"పిల్లకి తెలుసా?"

"తెలుసు" అన్నాడు.

ఆవిడ గిర్రున తిరిగి కిందికి దిగి, గార్డుగారి తలుపు తట్టింది. మసిని ఎత్తుకుని వచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది. అతనితో కొన్నాళ్ళు అవసరానికి తప్ప మాట్లాడలేదు. అది అతనికి న్యాయంగానే తోచింది.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మకీ జరిగిందంతా తనే చెప్పాడు. ఆవిడ కోప్పడాల్సినంత కోప్పడింది. పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విని, బాగుందంది. తర్వాత పిల్ల గడ్డం పట్టుకుని ముద్దుగా అడిగింది, ఇప్పుడు ఊపిరి హాయిగా ఆడుతోందా తల్లీ అని.

హాయిగానే ఆడుతోంది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. అంతలోనే ఆగి, ఏమని చెప్పాలో కనుక్కోవడానికి తండ్రి ముఖంలోకి చూసింది.