బెరడు చాపకు గంజి

మిర్యాలగూడ పోయేలోగా చేయాల్సినవి: కోదాడ బ్యాచ్‌కు ఆ రోజు క్లాసు లేదని చెప్పాలి. తెల్ల డ్రెస్సు ఉతకాలి. గోళ్లు తీయాలి. ఆత్మకూర్‌లో మా ఇంటి దగ్గర మరిచి వచ్చిన కార్క్ మ్యాట్ తెచ్చుకోవాలి. గీతాంజలి గారితో ఏం మాట్లాడాలో అద్దం ముందు ఒకసారి చెప్పుకోవాలి.

అద్దం ముందు ఎందుకంటే, సూర్యాపేటలో నా కిరాయి గదిలో వినేవాళ్లు ఇంకెవరూ లేరు. పొద్దున యోగా నేర్పుతాను. ఆ తర్వాత సాయంత్రం దాకా నా గొంతు నాకే వినబడదు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. చదువయ్యాక ఇంటివాళ్లతో మాటలు తగ్గిపోయాయి. మా తాత బీరయ్య ఒక్కడే ఫోన్ చేసి, "ఇయ్యాల ఎందర్ని వంచినవ్ బిడ్డా?" అని అడుగుతాడు.

గీతాంజలి గారివాళ్లకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. ఆమె, ఆ వీధి ఆడవాళ్లు కలిసి రోజూ క్లాసు పెట్టించుకోవాలనుకున్నారు. అంతలో ప్లాస్టిక్ మ్యాట్ మీద చెమట చేతులు జారి ఆమె మణికట్టు బెణికింది. ఇగ యోగానే వద్దన్నారు. జారని చాప తెస్తాను, చూశాకే చెప్పండి అన్నాను. ఆ క్లాసు దొరికితే అక్కడే ఉండొచ్చు. రోజూ అవే ముఖాలు, నన్ను పేరు పెట్టి పిలిచే మనుషులు. నాకు కావాల్సింది అదే.

అంతకుముందు ఇంటికి పోయినప్పుడు తాత ఆ కొత్త కార్క్ మ్యాట్‌ను వాసన చూశాడు.

"పాతదాని లెక్క కంపు లేదేంది?"

"అది ప్లాస్టిక్ తాతా. ఇది సీసాకు పెట్టే బిరడా ఉంటది సూడు, ఆ చెట్టు బెరడు."

"అయ్యో, చెట్టును కొట్టేసిన్రా?"

"లేదు. గొర్రెకు ఉన్ని కత్తిరించినట్టు పైబెరడే తీస్తరు. చెట్టు బతికే ఉంటది, బెరడు మళ్ల వస్తది. ఖరాబైతే మట్టిల కలుస్తది. ప్లాస్టిక్‌దైతే పొట్టు పొట్టు రాలుతది, ఒళ్లంత దురద."

"అంటే మన గొంగడి జాతే అన్నట్టు." తాత దాన్ని తృప్తిగా నిమిరాడు.

మ్యాట్ కోసం మళ్లీ పోయేసరికి తాత లేడు. మేత కోసం మందను తోలుకుని వాడపల్లి దిక్కు, కృష్ణ ఒడ్డుకు పోయాడు. జతగాళ్లంతా గొర్లను అమ్ముకున్నారు కాబట్టి ఈసారి ఒక్కడే పోయాడు. అమ్మ మ్యాట్ చుట్టను చేతిలో పెట్టి, "తాత పోయేముందు దానికేందో చేసిండే. మంచిగైందని ఒకటే మురిసిండు" అంది. బస్సుకు టైమైందని చుట్ట విప్పకుండానే పోయి ఎక్కేశాను.

మిర్యాలగూడలో హాలు నిండా ఆడవాళ్లు. మ్యాట్ విప్పితే పటపటమంది. పైనంతా ఎండిన పొర.

గీతాంజలి గారి అత్త సత్యమ్మ గారు ముందుకు వంగి చూశారు. "ఏం పిల్లా, చాపకు గంజి పెట్టినవా? మరి ఇస్త్రీ మరిచినవే!"

అందరూ నవ్వారు. తాత ఏం చేశాడో నాకు అప్పుడు తెలిసింది. గొంగడి మెత్తబడితే మావాళ్లు చింతగింజల గంజి పట్టించి గట్టి చేస్తారు. గొర్రె ఉన్నితో పోల్చి చెప్పింది నేనే. తాత నా మాట నమ్మాడు.

చేయక తప్పదని అరచేతులు ఆనించి నడుము పైకెత్తాను. చెమటకు గంజి నాని జారుడుగా అయ్యింది. చేతులు ముందుకు జారి నా గడ్డం నేలకు కొట్టుకుంది.

"జారని చాప ఇదేనా, ప్రవళికా?" గీతాంజలి గారు కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కున్నారు.

"మా తాత గొర్లు కాస్తడు మేడం. గొంగడి అనుకొని గంజి పెట్టిండు. ఒక బకెట్ నీళ్లు ఇస్తరా?"

"గొర్లకు గూడ నేర్పుతవా యోగా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

వరండాలో బకెట్ ముందు ఒక్కదాన్నే కూర్చుని చాపను రుద్దాను. గంజి వదులుతుంటే తాత ఎంత ఓపికగా పట్టించాడో తెలుస్తోంది. అంచుల్లో కూడా ఎక్కడా వదల్లేదు. ఏడుపొచ్చింది గాని చేతులు ఆపలేదు.

తుడిచి, ఆరకముందే తెచ్చి పరిచాను.

"తడిగుంది గదా, ఇంకా జారదా?" అన్నారు గీతాంజలి గారు.

"జర తడి తగిలితేనే దీనికి పట్టు ఎక్కువ మేడం."

మళ్లీ వంగాను. చేతులు కదల్లేదు. లేచి పక్కకు జరిగాను. ఆమె చాప మీదికి వంగి ముందు మంచి చేయి ఆనించారు. తర్వాత కట్టు చేయి. మెల్లగా బరువు వదిలారు.

"జారుతలేదు అత్తమ్మా."

"మరింకేంది, సోమవారం నుంచి రమ్మను," అన్నారు సత్యమ్మ గారు. "ఆ ముసలాయనను మాత్రం గంజి దగ్గరికి రానియ్యకు."

బస్టాండ్‌కు వచ్చి తాతకు ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. చేన్ల మధ్య ఛార్జింగ్ ఎక్కడ దొరుకుతుంది? మళ్లీ చేశాను. క్లాసు వచ్చిందని చెప్పాలి. గంజి సంగతి కూడా చెప్పాలి, నవ్వుతాడు. బస్సులు వచ్చి పోతున్నాయి. తడి చాప ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చెప్పుకోవడానికి ఇంకో నంబర్ ఏదీ గుర్తుకు రాలేదు.

మీరు ఎప్పుడన్నా వాడపల్లి రోడ్డున పోతుంటే, గొర్ల మంద అడ్డమొస్తే, జర ఆగండి. మంద వెనక ఒంటరిగా నడిచే పొట్టి ముసలాయన పేరు బీరయ్య. మనవరాలి చాప మెత్తబడొద్దని, దూరం పోయేముందు కూర్చుని గంజి కాచిన మనిషి. ఆయన్ని గుర్తుపెట్టుకోండి.